ఈమో గీతమూ భావకవిత్వమూ: ఒక తొలి పాట పరిశీలన

'ఈమో' అనేది పాశ్చాత్య రాక్ సంగీతంలో ఒక శాఖ పేరు. 'ఎమోషనల్' అనే మాటను సగానికి కత్తిరించి ఈ పేరు చేశారు. కర్ణాటకలోని తెలుగు విద్యార్థులు, ముఖ్యంగా పావగడ వంటి సరిహద్దు తాలూకాల నుంచి తుమకూరుకూ బెంగళూరుకూ చదువులకు వచ్చేవారు, ఈ పాటలు వింటున్నారు. వాటి గురించి మాట్లాడవలసివస్తే మాత్రం ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. తెలుగు విమర్శ వీటి జోలికి దాదాపు పోలేదు. పోనవసరం లేదనే అభిప్రాయం కూడా పెద్దల్లో ఉంది. ఇది కుర్రకారు ఏడుపు అనీ, వేషమనీ, పరాయి మోజు అనీ వారి ఆక్షేపణ. ఈ మూడు ఆక్షేపణలూ మన సాహిత్య చరిత్రలో ఒకప్పుడు భావకవుల మీద వచ్చినవే. కనుక వాటిని ఇక్కడ మళ్లీ వల్లించే ముందు ఒక పాటను ఎంచుకుని, ఖండకావ్యాన్ని పరిశీలించే శ్రద్ధతోనే పరిశీలించడం న్యాయం.

అందుకు 'మై కెమికల్ రొమాన్స్' అనే అమెరికన్ బృందం తొలి సింగిల్ 'వాంపైర్స్ విల్ నెవర్ హర్ట్ యూ'ను తీసుకుంటున్నాను. ఇది 2002లో వచ్చింది. 'రక్తపిశాచులు నిన్నెన్నటికీ బాధించవు' అని శీర్షికకు అర్థం. ఈ బృందానికి తరువాత వచ్చిన ఖ్యాతి వల్ల దీన్ని ఎంచుకోలేదు. తొలి పాటలో కవి దగ్గర నేర్పు తక్కువగా ఉంటుంది, అవసరం ఎక్కువగా ఉంటుంది. ఆ అవసరం ఏమిటో తెలిస్తే ఒక సంగీతశాఖ స్వభావం కొంత తెలుస్తుంది.

పుట్టుక

ఈమో పుట్టుక 1980ల మధ్యలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగింది. అంతకుముందు అక్కడి యువకులు వాయించినది హార్డ్‌కోర్ పంక్. అది వేగంగా, కోపంగా, నినాదప్రాయంగా ఉండే సంగీతం. 'మైనర్ థ్రెట్' వంటి బృందాలు నిమిషం, రెండు నిమిషాల పాటల్లో సమాజాన్ని నిలదీశాయి. 1985 నాటికి ఆ కోపమే ఒక మూసగా మారింది. సభల్లో కొట్లాటలు పెరిగాయి. అప్పుడు గై పిచ్చియోటో గాయకుడుగా 'రైట్స్ ఆఫ్ స్ప్రింగ్' అనే బృందం అదే వేగంతో, అదే బిగ్గరి వాద్యాలతో, తన సొంత గుండెకోతను పాడింది. 'మైనర్ థ్రెట్' గాయకుడు ఇయాన్ మెక్‌కే కూడా 'ఎంబ్రేస్' అనే బృందం పెట్టి అటే నడిచాడు. ఈ ధోరణికి 'ఎమోకోర్' అని పేరు వస్తే దాన్ని మొదట ఎగతాళి చేసినవాడూ ఆయనే.

పేరును పెట్టించుకున్నవాళ్లే దాన్ని ఇష్టపడకపోవడం ఈ శాఖ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. మై కెమికల్ రొమాన్స్ గాయకుడు జెరార్డ్ వే 2007లో ఆ పేరును కటువుగానే తిరస్కరించాడు. భావకవిత్వం అన్న పేరును గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టినట్టు సాహిత్య చరిత్రకారులు చెబుతారు. మన దగ్గర కూడా ఆ పేరు చాలాకాలం మెప్పుగానూ, వెక్కిరింతగానూ రెండు విధాలా చెలామణి అయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గమనించాలి. తెలుగులో కన్నీరు ముందు, నినాదం తర్వాత. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. శ్రీశ్రీ గేయాలు 1930ల్లో వెలువడి 1950లో 'మహాప్రస్థానం'గా పుస్తకమయ్యాయి. వాషింగ్టన్ యువకుల విషయంలో వరుస తారుమారైంది. వారికి నినాదం ముందు, కన్నీరు తర్వాత. నినాదం చెప్పలేక వదిలేసినదాన్ని చెప్పడానికి వారు కన్నీటిని ఆశ్రయించారు. ఈ వరుసకు మనలో పోలిక వెతకాలంటే 1920లకు కాక తరువాతి కాలానికి రావాలి. 1965–68 మధ్య దిగంబర కవులు, 1970లో విరసం గొంతెత్తిన తర్వాత, ఇస్మాయిల్ వంటివారి అనుభూతి కవిత్వమూ, 1993లో 'నీలిమేఘాలు' సంకలనంగా కూడిన స్త్రీవాద కవిత్వమూ వ్యక్తి అనుభవాన్ని మళ్లీ నడిమధ్యకు తెచ్చాయి. ఈమోలో భావకవిత్వపు రూపం కనిపిస్తుంది. దాని చారిత్రక స్థానం మాత్రం అనంతర కవిత్వానిది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే అది ఉత్త ఏడుపుగానే కనిపిస్తుంది.

బృందం, సందర్భం

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ జంట భవనాలు కూలిపోవడాన్ని జెరార్డ్ వే కళ్లారా చూశాడు. అతడిది నది కివతల ఉన్న న్యూజెర్సీ రాష్ట్రం. చిత్రకళ చదివి, కార్టూన్ రంగంలో పని వెతుక్కుంటున్న యువకుడు. ఆ సంఘటన తర్వాత, తాను చేస్తున్న పనికి అర్థముందా అన్న ప్రశ్న వేసుకుని, మిత్రుడైన డ్రమ్మర్ మ్యాట్ పెలిసియర్‌తో కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టాడు. గిటారిస్టు రే టోరో, జెరార్డ్ తమ్ముడు మైకీ వే తోడయ్యారు. వారు కట్టిన తొలి పాట 'స్కైలైన్స్ అండ్ టర్న్‌స్టైల్స్' నేరుగా సెప్టెంబర్ 11 గురించినదే. ఏడాది తిరక్కుండానే 2002 జూలైలో 'ఐ బ్రాట్ యూ మై బులెట్స్, యూ బ్రాట్ మీ యువర్ లవ్' అనే తొలి ఆల్బమ్‌ను ఐబాల్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ విడుదల చేసింది. అదే రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్‌కు చెందిన 'థర్స్‌డే' బృందం గాయకుడు జెఫ్ రిక్లీ దానికి నిర్మాత. న్యూ బ్రన్స్‌విక్, ఎడిసన్ పక్కపక్క ఊళ్లు. ఎడిసన్ అంటే ఇవాళ తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన చోటు. ఈ సంగీతం పుట్టిన వీధులు మన ప్రవాసాంధ్రులకు పొరుగు వీధులే.

కళ్లారా చూసిన దుర్ఘటన మీద తొలి పాట కట్టిన బృందం, తొలి సింగిల్‌గా దాన్ని ఎంచుకోలేదు. రక్తపిశాచుల పాటను ఎంచుకుంది. ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం విమర్శకుడు గమనించదగినది. వార్తను వార్తగా చెప్పిన పాట పక్కకు తప్పుకుంది. అదే భయాన్ని కథలోకి మార్చిన పాట ముందుకు వచ్చింది. మన ఆలంకారికులు వాచ్యానికీ వ్యంగ్యానికీ చెప్పిన తారతమ్యం ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

పాట నడక

పాట నిడివి ఐదు నిమిషాలకు పైబడి ఉంటుంది. సింగిల్‌గా వచ్చే పాటలు సాధారణంగా మూడు నాలుగు నిమిషాలవి. కొత్త బృందం ఇంత పొడుగు పాటతో రంగప్రవేశం చేయడం సాహసమే. గిటారు మంద్రంగా మొదలవుతుంది. గొంతు పాడదు, దాదాపు గొణుగుతుంది. క్రమంగా ఆ గొణుగుడు మాటగా, మాట పాటగా, పాట అరుపుగా మారుతుంది. రే టోరో గిటారులో హెవీ మెటల్ సంగీతపు ఛాయలున్నాయి. గాయకుడి గొంతులో శిక్షణ లేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న అసమానతే పాటకు ఆయువు. వాద్యం తన దారి తనకు తెలిసినట్టు నడుస్తుంది, గొంతు దాని వెంట పరుగెత్తుతూ తడబడుతుంది. ఆ తడబాటును సరిదిద్దకుండా వదిలేశారు.

విషయాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. మాట్లాడేవాడు రక్తపిశాచుల మధ్య చిక్కుకున్నాడు. అవి తనను కూడా తమలో కలుపుకుంటాయని అతని భయం. తోడున్న వ్యక్తిని ఒక కోరిక కోరుతాడు. పొద్దుగుంకేవేళకు నేను వాటి చేతికి చిక్కితే, నేను నేనుగా మిగలనప్పుడు, నా గుండెలో మేకు దిగ్గొట్టు అంటాడు. ఒకే ఊపిరిలో వైద్యుణ్ణీ చర్చినీ పిలుస్తాడు. లోపలికెక్కిన విషాన్ని ఎవరు తీయగలరో అతనికే తెలియదు. నీ ఆత్మను జాగ్రత్తగా దాచుకోమని తోడున్నవారికి చెబుతాడు. చివరికి, నిన్ను వాటి చేత బాధపడనివ్వనని మాట ఇస్తాడు. శీర్షిక ఆ మాటే.

రసదృష్టి

పైకి ఇది భయానకం. పిశాచం ఆలంబనం, అస్తమయం ఉద్దీపనం, వణికే గొంతు అనుభావం. అయితే భయానకానికి స్థాయి అయిన భయం ఇక్కడ ప్రధానంగా ఎవరి గురించిన భయం? బయటి పిశాచం తనను చంపుతుందని కాదు. తానే పిశాచమవుతానని. తనను ప్రేమించినవారికి తన వల్లనే హాని కలుగుతుందని. ఈ మలుపుతో భయానకం అంగంగా తగ్గి, శోకం పైకి వస్తుంది. చనిపోకముందే తనకోసం తాను దుఃఖించేవాడి కరుణమిది. పాట చివర వాగ్దానం చేరేసరికి ఉత్సాహపు జాడ కూడా కనబడి వీరం తొంగిచూస్తుంది. కరుణం ఒక్కటే రసమనీ, తక్కినవి దాని వికారాలనీ భవభూతి చేసిన ప్రతిపాదనకు ఇటువంటి నిర్మాణం మంచి ఉదాహరణ కాగలదు.

కృష్ణశాస్త్రి దుఃఖానికీ దీనికీ గల భేదం ఇక్కడే తెలుస్తుంది. 'కృష్ణపక్షం' కవికి దుఃఖం ఒక నివాసం. ఆయన అందులో ఉండగలడు, దాన్ని అలంకరించగలడు. లోకం తనను అర్థం చేసుకోలేదన్న ఏకాకితనం ఆ దుఃఖానికి పునాది. భార్యావియోగం ఆ కావ్యానికి నేపథ్యంగా ఉన్నమాట నిజమే గాని, కావ్యంలో శోకం వ్యక్తిని దాటి స్వభావంగా మారింది. ఈ పాటలోని మనిషికి దుఃఖంలో ఉండే తీరిక లేదు. సూర్యుడు దిగిపోతున్నాడు. అతనికి ఎదుట ఒక శ్రోత ఉన్నారు. ఆ శ్రోతను కాపాడడం అతని పని. ఏకాంత విలాపానికీ, ఇంకొకరి ఎదుట చేసే విలాపానికీ చాలా దూరముంది. ఈ రెండవ జాతిలోకి మనవాటిలో నండూరి 'ఎంకి పాటలు' దగ్గరగా వస్తాయి. అక్కడ బాధ ఎప్పుడూ ఒకరు ఇంకొకరితో చెప్పుకునే మాట.

ఇంకొక గుణం కూడా చెప్పాలి. 2000ల తొలినాళ్ల ఈమో పాటల్లో అధికభాగం మగపిల్లలవి. విడిచిపోయిన అమ్మాయిని నిందించడమే వాటి పని. అమెరికన్ విమర్శకురాలు జెస్సికా హాపర్ 2003లో దీన్ని పట్టుకుని, ఈ సంగీతంలో స్త్రీకి తప్పుచేసినదిగా తప్ప మనిషిగా చోటు లేదని ఘాటుగా రాసింది. ఆ విమర్శ న్యాయమైనది. మన విరహగీతాల మీద స్త్రీవాదులు చేసినదీ ఇంచుమించు ఇదే. ప్రస్తుత పాట ఆ దోషానికి దొరకదు. ఇందులోని 'నువ్వు' స్త్రీయో పురుషుడో తెలియదు. ఆ 'నువ్వు' మీద నింద లేదు. మేకు దింపే కఠినమైన పనికి తగిన ధైర్యం ఉన్నది కూడా ఆ 'నువ్వు'కే.

లోపాలు

అయితే ఈ పాటను నిర్దోషమని ఎంచరాదు. మొదటిది, ఉపమాన సాంకర్యం. రక్తపిశాచి కాటు, విషం, ఆత్మ, వైద్యం, చర్చి, మేకు అన్నీ ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి. రక్తం తాగడం పిశాచం గుణం, విషమెక్కించడం పాము గుణం. ఒక పోలికలోంచి ఇంకో పోలికలోకి జారడాన్ని ఆవేశం కింద కొంతవరకు క్షమించవచ్చు గాని, నడిమి చరణాల్లో అర్థం పలచబడిన మాట వాస్తవం. రెండవది, పునరుక్తి. మేకు మాట అన్నిసార్లు రావడం వల్ల మొదట గుచ్చుకున్నది తరువాత అలవాటవుతుంది. మూడవది, పిశాచాలు ఎవరన్నది పాట ఎక్కడా తేల్చదు. మత్తుపదార్థాలా, విసుగు పుట్టించే ఉద్యోగాలా, యుద్ధవాతావరణమా, లోపలి నైరాశ్యమా? ధ్వనికి అవకాశమిచ్చే అస్పష్టత ఒకటి, కవికే తెలియని అస్పష్టత ఒకటి. ఇది మొదటిదని పూర్తిగా చెప్పలేం. అదే బృందం 2006లో 'ది బ్లాక్ పరేడ్'లో క్యాన్సర్‌తో మరణిస్తున్న రోగి కథను ఆలంబనంగా తీసుకున్నప్పుడు ఈ లోపం చాలావరకు తొలగింది.

ఇన్ని లోపాలున్నా పాట నిలబడుతుంది. కారణం, ఆ వాగ్దానం. సాయంచేసే శక్తి ఏమాత్రం లేనివాడు సాయం చేస్తానని మాట ఇవ్వడంలో ఉన్న సత్యం. నమ్మదగని మాటను అంత గట్టిగా చెప్పడం చూసి శ్రోతకు అతని మీద నమ్మకం కలుగుతుంది.

వేషమూ నిందా

అక్కిరాజు ఉమాకాంతం 1928లో 'నేటికాలపు కవిత్వం' రాసి కొత్త కవులను దులిపారు. అంతకంటె తేలికగా, భావకవి అంటే గిరజాల జుట్టు, లాల్చీ, కంటనీరు అన్న వ్యంగ్యచిత్రం జనంలో స్థిరపడింది. ఈమోకు కూడా కంటిమీద పడే జుట్టు, నల్లచొక్కా, కాటుక అన్న చిత్రమే లోకంలో మిగిలింది. రెండు ఉద్యమాల ఎగతాళీ జుట్టు దగ్గరే మొదలవడం కాకతాళీయం కాదనుకుంటాను. మగవాడు బాహాటంగా దుఃఖించడాన్ని సమాజం సహించలేనప్పుడు, దుఃఖాన్ని వదిలి వేషాన్ని పట్టుకుంటుంది. ఎందుకంటే వేషానికి జవాబు సులువు.

ఈ ఎగతాళి ఒక్కొక్కప్పుడు ఆరోపణగా ముదురుతుంది. 2008లో ఇంగ్లండులో ఒక బాలిక ఆత్మహత్య తర్వాత 'డైలీ మెయిల్' పత్రిక ఈ సంగీతాన్ని మరణారాధనగా చిత్రించింది. ఆ ఏడాది మే నెలాఖరున అభిమానులు లండన్‌లో నిరసన తెలిపారు. తమను బతికించినవి ఈ పాటలేనని వారి వాదం. పాట ఒక్కటే మనిషిని చంపదు. పాట ఒక్కటే మనిషిని బతికించదు. అయితే చదవడం తెలియని విమర్శ మాత్రం హాని చేస్తుంది. ఈ తొలి పాటలో గుండెలో మేకు దింపమన్న మాటను విడిగా తీసి చూపితే అది మరణవాంఛ. మొత్తం పాటలో పెట్టి చూస్తే, ఇంకొకరికి హాని చేయకుండా ఆగాలన్న ఆరాటం. సందర్భం నుంచి పాదాన్ని ఊడబెరికి తీర్పు చెప్పడం ఏ సాహిత్యం విషయంలోనైనా అన్యాయమే. ఇంట్లో ఒక పిల్లవాడు ఇటువంటి పాటలు వింటున్నాడని తెలిసినప్పుడు పెద్దలు చేయవలసినది పాట ఆపడం కాదు. ఆ పాటలో నీకు ఏ మాట నచ్చిందిరా అని అడగడం. అడగాలంటే ముందు ఆ ప్రశ్నకు ఒక భాష ఉండాలి.

పావగడ నుంచి చూస్తే

ఇక్కడికి వచ్చాక మన విద్యార్థుల సంగతి ఎత్తక తప్పదు. పావగడ తాలూకాను దాదాపు అన్ని వైపులా ఆంధ్ర నేల చుట్టుకుని ఉంటుంది. నాగలమడికె దగ్గర పారే ఉత్తర పినాకిని, అనంతపురం జిల్లాలో విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'కు ప్రాణమైన పెన్నానదే. క్యాతగానచెర్లు, రాయచెర్లు వంటి ఊరిపేర్లలోనే తెలుగు వినిపిస్తుంది. ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం, కాలేజీ భాష ఇంగ్లీషు. ఈ ఏర్పాటులో లాభాలు లేకపోలేదు. మూడు సాహిత్యాల తలుపులు తెరుచుకుంటాయి. నష్టం ఒక్కటి. ఇంటి భాషలో దుఃఖం కలుగుతుంది, దాన్ని చెప్పే నేర్పు మిగతా రెండు భాషల్లో అబ్బుతుంది. పుస్తకాల తెలుగులోని 'విషాదం' ఈ విద్యార్థికి పరాయి మాట. 'బేజారు' అతని మాట. తెలుగువాడికీ కన్నడిగుడికీ ఉమ్మడిగా తెలిసిన మాట. విసుగు, దిగులు, ఏమీ తోచకపోవడం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లీషువారు ఈమో అన్న పేరు కింద పాడుకునేదానిలో సగం ఈ ఒక్క మాటలో ఉందంటే అతిశయోక్తి కాదు. అయినా బేజారును గురించి మనం పాట కట్టలేదు. అది పాటకు తగిన మాటని మనకెవరూ చెప్పలేదు.

ఈ విద్యార్థి న్యూజెర్సీ పాటను అనుకరిస్తే ఏమవుతుంది? ఉపమానం మొదటి అడుగులోనే బెడుస్తుంది. ఆ పాటలో సూర్యుడు రక్షకుడు. పొద్దుగుంకడమే ప్రమాదం. చలిదేశపు కథల్లో పుట్టిన పిశాచానికి ఎండ మృత్యువు. పావగడలో వానలు తప్పి వేరుశనగ మాడిపోయే చోట, నెత్తురు తాగేవాడు సూర్యుడే. సాయంత్రం ప్రమాదం కాదు, ఊరట. పైగా ఇప్పుడు ఆ సూర్యుడికి ఇంకొక ముఖం వచ్చింది. తిరుమణి చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం 2019 చివరికి పూర్తయింది. భూములను కొనలేదు, రైతుల నుంచి కౌలుకు తీసుకున్నారు. ఏ ఎండ వల్ల సేద్యం పోయిందో ఆ ఎండే ఏటేటా కౌలుడబ్బు తెస్తోంది. పొలం ఉంది, సేద్యం లేదు; ఆదాయం ఉంది, పని లేదు. పని కోసం పిల్లలు బెంగళూరు బస్సెక్కుతున్నారు. ఇంతటి వైరుధ్యం గల ప్రతీక ఎదుట ఉండగా గబ్బిలాన్ని అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన తాతను చూసి పెరిగిన పిల్లవాడికి, లోపలికెక్కిన విషమంటే ఏమిటో ఏ సినిమా చెప్పనక్కరలేదు.

అలాగని, పాట అంటే పల్లెపాటే కావాలనీ, పిశాచం మాట ఎత్తరాదనీ ఈ వాదానికి అర్థం కాదు. జెరార్డ్ వే భయానక సినిమాల మధ్య, కామిక్ పుస్తకాల మధ్య పెరిగాడు. రక్తపిశాచి అతనికి నిజంగా ఇంటి సామగ్రే. అతడు తన ఊళ్లో దొరికినదానితో పాట కట్టాడు. స్వానుభవం అంటే మట్టివాసన ఒక్కటే అని మనం గిరిగీసుకుంటే ఫోను తెర, హాస్టలు గది, సౌరఫలకం, రాత్రి బస్సు పాటలోకి రావు. హైదరాబాద్‌కు చెందిన 'చౌరస్తా' బృందం 'ఊరెళ్లిపోతా మామ' పాటలో నగరంలోని యువకుడి ఊరి బెంగను రెగె లయలో, వాడుక తెలుగులో చెప్పి లక్షల మందికి దగ్గరైంది. తెలుగు నుడికారం గిటారుకు ఒదగదన్న సందేహాన్ని అది తీర్చింది. అయితే అందులో బెంగకు వేళాకోళం తోడుగా ఉంది. నవ్వు ఆసరా లేకుండా, బిగ్గరగా, తన యాసలో తెలుగు యువకుడు దుఃఖించే రాక్ పాటకు ఇంకా చోటు ఖాళీగానే ఉంది.

ఆ చోటుకు వచ్చే పాట 'పోతాండా', 'వస్తాండా' అన్న మాటలతో రావచ్చు. అందులో కన్నడ పదాలు దొర్లవచ్చు. అది శిష్టవ్యావహారికం కాదని ఎవరైనా అంటే, ఎంకి పాటల భాష మీద వచ్చిన ఆక్షేపణలను గుర్తుచేయవచ్చు. తాళం తప్పవచ్చు, ఉపమానాలు కలగాపులగం కావచ్చు, ఒకే మాట పదిసార్లు రావచ్చు. మనం పరిశీలించిన తొలి పాటలోనూ ఇవన్నీ ఉన్నాయి. విమర్శకులుగా మనం వాటిని దాచకుండా చెప్పాలి. కాని అంతకుముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇందులో మాట్లాడుతున్నవాడు ఎవరికి మాట ఇస్తున్నాడు? ఆ ఎదుటి మనిషి పాటలో నిజంగా ఉంటే తక్కిన లోపాలు దిద్దుకునేవే. ఆ మనిషి లేకపోతే ఎంత నేర్పుగా ఏడ్చినా అది అద్దం ముందు ఏడుపే. న్యూజెర్సీ బృందం తన మొదటి పాటకే ఈ పరీక్షలో నెగ్గింది. మన విద్యార్థులు ఆ పాట వింటున్నారంటే వేషం కోసమే వింటున్నారని తీర్మానించడం తొందరపాటు. తమకు కూడా ఎవరికో ఇవ్వవలసిన మాట ఒకటి ఉన్నదని, అది ఇంటి భాషలో ఎలా చెప్పాలో తెలియక వింటున్నారేమో అన్నది తెలుగు శాఖలు ఆలోచించవలసిన విషయం.